చల్లారిన భట్టీకి వేసిన ఐదు ఆకులు ఊడదీయించుట గురించి

వ్యాపారాలకు ఆకులు వేసే పథకాన్ని రూపొందించుచున్న అధికారి గారి సముఖమునకు,

అర్జీదారు పేరు: రొట్టెలవ్వ. అసలు పేరు ఒకటుంది గాని, ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళంతా వెళ్ళిపోయారు. రాసినా ఈ వీధిలో ఎవరూ పోల్చుకోరు.

వయసు: డెబ్బై దాటింది. ఎంత దాటిందో రాసేవాడు తనకు తోచినంత వేసుకోవచ్చు.

ఇంటి మనుషులు: మంచం పట్టిన నా పెనిమిటి, రొట్టెల మేస్త్రీ. లారీ తోలుతూ ఎప్పుడో ఒకసారి మొహం చూపించే కొడుకు. వాడి పెళ్ళాం, అంటే మా కోడలు. పిలవకుండా వచ్చి భట్టీలో పిల్లల్ని పెట్టిన పిల్లి ఒకటి. దీన్ని కూడా రాయమన్నాను, ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

అయ్యా,

విషయం: మనిషి పడిపోయినందున చల్లారిన భట్టీని "వాతావరణమునకు మేలు చేసిన వ్యాపారము"గా గుర్తించి ఐదు ఆకులు ప్రసాదించినందున కలిగిన ఇబ్బందులు. సదరు ఆకులు వెనుకకు తీసుకొని, భట్టీ మరల వెలిగించుకొనుటకు దారి చూపవలెనని మనవి.

నేను అక్షరం ముక్క రానిదాన్ని. నేను చెబుతుంటే రాస్తున్నది మా వీధి చివర బల్ల వేసుకుని కూర్చునే గుమాస్తా. పూర్వం కోర్టులో రాసిన చెయ్యి. "అక్కా, పై ఆఫీసుకు పోయే కాగితంలో కోపం కనపడకూడదు" అన్నాడు. "కోపం తీసేస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుంది తమ్ముడూ" అన్నాను. చివరకు రాజీ పడ్డాం. ప్రతి అంశంలో మొదటి వాక్యం అతనిది, మిగతాదంతా నాది. ఏది ఎవరిదో తమరు వేరే అడగక్కర్లేదు.

1. అర్జీదారు కుటుంబము చిరకాలముగా కట్టెల భట్టీలో రొట్టెలు కాల్చి విక్రయించుచు జీవించుచుండగా, గత సంవత్సరము సదరు వృత్తి నిలిచిపోయినది.

నిలిచిపోవడమంటే మేం నిలిపింది కాదు. మా ముసలాయన పిండి పిసుకుతూ పిసుకుతూ తొట్టి మీదికి ఒరిగిపోయాడు. ఒక పక్క చచ్చుబడింది, మాట పడిపోయింది. ఆ రోజు భట్టీలో ఉన్న నిప్పు దానంతటదే ఆరింది, మళ్ళీ అంటించే చెయ్యి లేకపోయింది. నేను పిండి కలపగలను గాని, రొట్టెలు లోపలికి తోసే ఆ పొడవాటి చెక్క పార ఎత్తలేను. కోడలికి అప్పటికి ఆ పని రాదు.

ఆయన మంచం భట్టీ వెనక గోడకు ఆనుకుని ఉంటుంది. మా కాపురం మొదలైన నాటి నుంచి అక్కడే. చలికాలంలో ఆ గోడే మాకు దుప్పటి. ఇప్పుడు ఆయన రోజూ తెల్లవారగానే బాగున్న చెయ్యి ఎత్తి గోడకు ఆనిస్తాడు. కాసేపు అలాగే ఉంచుతాడు. తరువాత చెయ్యి తీసేసి మొహం అటు తిప్పుకుంటాడు. ఆ చెయ్యి తీసేయడం చూడలేక నేను ఆ వేళకు చీపురు పట్టుకుని బయటికి పోతాను. మా వాకిలి అద్దంలా ఉండటానికి కారణం అది. దానికి కూడా తమరు ఆకు వేయకండి.

2. తమ పథకము ప్రయోగదశలో ఉండగా మా వీధి యందలి సమస్త వ్యాపారములను పరిశీలించుట జరిగినది.

వచ్చిన పిల్లను మేం ఆకుల పిల్ల అంటాం. మంచి పిల్ల, ఓపికగా విడమరిచి చెప్పింది. అంతకు ముందు ఏడు కంటే పొగా కరెంటూ తగ్గించిన వ్యాపారానికి ఒకటి నుంచి ఐదు దాకా పచ్చటి ఆకులు. పెంచినదానికి ఎండుటాకు.

"అవ్వా, పోయినేడు ఎన్ని కట్టెలు కాల్చారు?"

"బండ్లకు బండ్లు."

"మరి ఈ ఏడు?"

"పుల్ల కూడా లేదు."

ఆ పిల్ల కళ్ళు ఇంతింత చేసింది. "పుల్ల కూడానా! ఎలా తగ్గించారవ్వా?"

"మా ఆయన పడిపోయాడమ్మా."

ఆ పిల్ల చేతిలో పలకలాంటి యంత్రం ఉంది. అందులో కారణానికి మూడే గళ్ళట. కొత్త యంత్రం, కొత్త ఇంధనం, మెరుగైన పద్ధతి. "పడిపోవడానికి గడి లేదవ్వా" అంది. పాపం, తనకూ బాధే. "ఏదో ఒకటి నొక్కకపోతే ఇది ముందుకు పోదు" అంది. మా కోడలికి నోరు ఆగదు. "మెరుగైన పద్ధతి నొక్కండి. మా మామయ్య ఇంతకంటే మెరుగ్గా ఏనాడూ పడుకోలేదు" అంది. ఎకసెక్కానికి అన్న మాట. ఆ పిల్ల నొక్కేసింది.

3. తదుపరి జరిగిన సభయందు అర్జీదారును వేదికపైకి ఆహ్వానించి సత్కరించుట జరిగినది.

మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు ఏదో సాయం చేస్తారు కాబోలనుకుని వెళ్ళాను. ఒక చేతిలో ఐదు ఆకులు చెక్కిన రేకు పెట్టారు, ఇంకో చేతిలో మొక్క ఉన్న కుండీ పెట్టారు. రెండు మాటలు చెప్పమన్నారు. "మా ఆయన లేచేదాకా ఆ భట్టీ వెలగదు" అన్నాను. జనమంతా చప్పట్లు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి "ఎంత పట్టుదల!" అన్నాడు. నేను రేకునూ కుండీనీ పట్టుకుని దిగి వచ్చేశాను. ఎవరినీ తిట్టకుండా దిగడమే ఆ రోజు జరిగిన వింత, కావాలంటే మా వీధిలో అడగండి.

మర్నాడు తమ ఆఫీసు వాళ్ళే వచ్చి ఆ రేకును భట్టీ నోటికి పైన మేకులతో కొట్టారు. ఫోటో కూడా తీసుకున్నారు. భట్టీలో పిల్లి, దాని పొట్టకు అతుక్కుని నాలుగు పిల్లలు. ఇప్పుడా ఫోటో ఊళ్ళో గోడల మీద ఉంది, బస్సుల వెనక ఉంది. లారీ తోలుతూ తోలుతూ ఎదురుగా మన పిల్లి కనిపించిందమ్మా అని కొడుకు ఫోను చేశాడు. అయ్యా, పొయ్యిలో పిల్లి లేవలేదంటే ఆ ఇంట్లో తిండికి లేదని అర్థం. పక్కవాళ్ళకు వినపడకుండా చెప్పుకునే మాట అది. మా ఇంటి గుట్టుకు రంగులు వేసి బస్సుకు అంటించారు. అంతమంది పెద్దలు కూర్చుని చూశారు గదా, ఒక్కరికీ తట్టలేదా? పిల్లి మాత్రం ఫోటోలో బాగా పడింది. దాన్ని నేనేమీ అనను.

4. ఇందువలన పొరుగు వ్యాపారులతో అర్జీదారుకు గల సత్సంబంధములు దెబ్బతినినవి.

మా పక్కది ఐసు ఫ్యాక్టరీ. దాని యజమానికి తల నెరిసినా నాకు ఐసబ్బాయే. పాత మిషన్లు పీకించి కరెంటు తక్కువ తాగేవి పెట్టించాడు, కప్పు మీద సోలార్ పలకలు పరిపించాడు. అయితే ఈ ఏడు ఎండలు ఎట్లా కాశాయో తమరు ఎరుగుదురు. ఊరు ఊరంతా ఐసు అడిగింది, మిషన్లు ఆగకుండా తిరిగాయి. అతనికి ఒకే ఒక్క ఆకు వచ్చింది.

"ఏం చేశావత్తా నువ్వు? అప్పు చేసి మిషన్లు మార్చిన నాకు ఒకటీ, పిల్లిని సాకిన నీకు ఐదూనా?" అని మా వాకిట్లో నిలబడి అరిచాడు.

"నువ్వూ మిషన్లు ఆపి మంచమెక్కరా, నీకూ ఐదు వేస్తారు" అన్నాను.

కొన్నాళ్ళు మా మధ్య మాటలు లేవు. తరువాత ముసలాయనకు జ్వరం తగిలితే అతనే ఐసు గడ్డ పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన చెయ్యి గోడ మీద ఉండటమూ, తీసేయడమూ చూశాడు. మళ్ళీ ఆకుల ఊసెత్తలేదు. ఈ అర్జీకి మొదటి సాక్షి అతనే. ఎక్కువ గడ్డలు చేసినవాడు ఎక్కువ కాల్చినట్టే కనపడతాడు, ఒక్కో గడ్డకు ఎంత కరెంటయిందో చూడమను అని అతని గోడు. అది నాకు అర్థమై చెప్పడం లేదు, చెప్పమన్నాడు గనుక చెబుతున్నాను.

5. ప్రస్తుత అర్జీకి మూలకారణమైన విషయమును ఇందుమూలముగా విన్నవించడమైనది.

అసలు కడుపుమంట ఇక్కడుంది. మా కోడలు ఈ ఏడంతా ఊరవతల ఒక బేకరీలో కూలికి పోయి పని నేర్చుకుంది. ఇప్పుడు పార నాకంటే బాగా తోస్తుంది. ఆయనకంటే బాగా అని మాత్రం అనను, గోడకు చెవులుంటాయి. భట్టీ వెలిగిద్దామని మేం అనుకుంటుండగా ఆసుపత్రి వంటశాల మేనేజరు తనంతట తనే వచ్చాడు. రేకు చూశాడు. "ఐదు ఆకులున్న భట్టీ ఈ చుట్టుపక్కల మీదొక్కటేనమ్మా. రోగులకు రోజూ రొట్టెలు మీరే ఇవ్వాలి" అన్నాడు. మాకు ప్రాణం లేచి వచ్చింది. గుమ్మం దాటుతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "మూడు ఆకులకు తగ్గితే మాత్రం మా రూలు ఒప్పుకోదు" అన్నాడు.

ఆకుల పిల్లను పిలిచి అడిగాం. తల వంచుకుని ఉన్నమాట చెప్పింది. ఇక మీదట ప్రతి లెక్కనూ ఈ చల్లారిన ఏడాదితోనే పోలుస్తారట. పుల్ల వెలిగించినా పెంచినట్టే, ఎండుటాకే. అంటే ఆకులుంటేనే రొట్టెలు అడుగుతారు, రొట్టెలు కాలిస్తే ఆకులుండవు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. మాకు ఆ రెంటి మీదా పచ్చటి ఆకులు కప్పి పెట్టారు.

6. ఈ విషయమై అర్జీదారు స్వయముగా తమ కార్యాలయమునకు హాజరై మొర పెట్టుకొనినను ఫలితము శూన్యము.

మెట్లెక్కి మెట్లెక్కి నా మోకాళ్ళు అరిగాయి గాని అక్కడ ఏమీ కదల్లేదు. కుర్చీలో ఉన్నాయన మర్యాదస్తుడే. కూర్చోమన్నాడు.

"బెంగ పడకండమ్మా. ఇలాగే కొనసాగితే వచ్చే ఏడు కూడా మీకు ఐదు ఆకులే."

"ఇలాగే అంటే?"

"ఇప్పుడున్నట్టే."

"ఇప్పుడున్నట్టే ఉంటే వచ్చే ఏటికి మేముండం నాయనా."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి తనూ మానేశాడు. పథకం ఇంకా రూపకల్పనలోనే ఉంది, అభ్యంతరాలుంటే పై అధికారికి రాసుకోండి అన్నాడు. ఆ పై అధికారి తమరే కాబట్టి రాస్తున్నాను.

అయ్యా, నేను తమ పథకానికి శత్రువును కాను. ఎండలు మునుపటివి కావు, అది తెలియడానికి చదువెందుకు? పొగ మంచిదని కూడా అనను. పొగలో ఉడికిన కళ్ళు నావి. అందుకే కోడలు పచ్చి కట్టె కొననంటోంది. వడ్రంగి దగ్గర మిగిలే ముక్కలతో, పూటకు పూటకు కాకుండా రోజుకు ఒక్కసారే వెలిగించి, ఆ వేడి చల్లారే లోపల అన్నీ కాల్చేస్తానంటోంది. అత్తనైన నాకే ఆ మాట నచ్చింది, ఇంక తమకు నచ్చదా? దానికి ఒక్క ఆకు వస్తే ఒక్కటే తీసుకుంటాం. కష్టపడి తెచ్చుకున్న ఆకు అనిపిస్తుంది. ఈ ఐదూ మా ఆయన పడిపోతే వచ్చినవి. ఆ రేకు కింద నిలబడి పిండి కలపడం నా వల్ల కాదు. అలిసిపోయాను.

కావున ప్రార్థించునది ఏమనగా, చల్లారిన ఏడాదిని లెక్కలోంచి తీసివేసి, మా ఆయన తిరుగుతూ పనిచేసిన ఏడాదితో మా కోడలి పనిని పోల్చి చూడవలెను. తమ యంత్రంలో నాలుగో గడి ఒకటి పెట్టవలెను. దానికి ఏం పేరు పెట్టాలో నాకు తెలియదు. మనిషి పడిపోయినా, చచ్చిపోయినా, గతిలేక మూసుకున్నా అందులో పడేలా ఉంటే చాలు. అందులో పడ్డవాళ్ళకు ఆకులూ వద్దు, చప్పట్లూ వద్దు. వీలైతే ఎవరినైనా ఒకసారి పలకరించి రమ్మనండి. బస్సుల మీది పిల్లిని దింపించవలెను.

ఇంతకు మించి చెప్పే ఓపిక నాకు, రాసే ఓపిక గుమాస్తాకు లేవు గనుక, చదివే ఓపిక తమరైనా తెచ్చుకొని చిత్తగించవలెను.

తమ విధేయురాలు
(ఈ మాట గుమాస్తాది. రివాజట, ఉండనిచ్చాను.)

రొట్టెలవ్వ, ఎడమచేతి బొటనవేలి ముద్ర. మసి కాదు, సిరానే.

సాక్షులు:
ఐసు ఫ్యాక్టరీ యజమాని, ఒక ఆకు గలవాడు
వీధి మలుపులోని వడ్రంగి
వ్రాసినది: గుమాస్తా

తాజా కలం: ఇందులో మొదటి వాక్యం కూడా నాదే.

ముద్ర వేసి ఇంటికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి ఇది రాయిస్తున్నాను. నేను ఇక్కడ కూర్చుని తమరికి విన్నవించుకుంటుంటే, అక్కడ మా కోడలు పిల్లినీ పిల్లల్నీ రొట్టెల బుట్టలోకి మార్చి, కుండీని కిటికీలో పెట్టి, భట్టీ అంటించేసింది.

"అర్జీకి జవాబు వచ్చేదాకా ఆగలేవుటే?" అన్నాను.

"నేను ఆగుతానత్తయ్యా. మామయ్య ఆగాలిగా" అంది.

కాబట్టి అయ్యా, ఇప్పుడు మాది పొగ విడిచే భట్టీ. ఎండుటాకు వేస్తే వేసుకోండి. ఆసుపత్రి వాళ్ళు వద్దంటే కోడలు బుట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరుగుతుందట. తిరిగే కాళ్ళు ఇంట్లో ఒక జత అయినా ఉన్నాయి.

ఏడాది చలి తాగిన ఇటుకలు ఒక పూటలో వేడెక్కవు. నేను గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, నాకేమీ తెలియలేదు. ఆయనకు తెలిసింది.

రేకు ఊడదీయడానికి తమ మనిషిని ఎప్పుడైనా పంపండి. సుత్తి గట్టిగా వేయొద్దని మాత్రం చెప్పండి. ఆ గోడకు అవతల పక్క ఆయన చెయ్యి ఉంది.