డొల్ల అడుగున ఉన్న ఏడాది

కరీంనగర్,
మార్చి 9

బాపూ,

నీ బిడ్డ రెబెకా వందనాలు. కోపంగా రాస్తున్నాను, కోపపు ఉత్తరంగానే చదువు.

అహరోను తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చాడని మన ఖానాపూర్ చర్చిలో పూలు పెట్టే పేలిన ఇత్తడి తోపుగుండు ఖాళీ డొల్లను నా దగ్గరికి పంపావు కదా, తాత పేరు కింద తమ్ముడు చింటూ పేరు కూడా చెక్కించమని. ఇక్కడ గిన్నెల మీద పేర్లు చెక్కే భూమన్నకు ఇచ్చాను. ఆయన తోపుగుండ్ల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. అడుగున తాత అంటించిన బనాతు గుడ్డ ఊడదీసి, భూతద్దం పెట్టి చూసి, అడుగున ఉన్న గుర్తులను ఒక్కొక్కటే వేలితో చూపించాడు.

"గీ రెండక్షరాలు కార్ఖానవి బిడ్డా. గిది లాటు నంబరు. గిది తయారైన ఏడాది, యాభై ఒకటి. మీ తాత ఎన్నడొచ్చిండు?"

నలభై ఆరులోనే వచ్చాడని చెప్పాను. ఏటా మట్టల ఆదివారానికి ముందు ఇంటిల్లిపాదీ చింతపండుతో తోమేవాళ్లం. పక్కలన్నీ తళతళలాడించాం కానీ, దేవుని బల్ల మీది వస్తువని ఒక్కరమూ తిరగేసి చూడలేదు. దాని ముందు నిలబెట్టి నువ్వు తమ్ముడికి బర్మా కథలు నూరిపోశావు. వాడు మిలిటరీకి పోయి, సరిహద్దులో మందుపాతర మీద కాలుపెట్టి, పెట్టెలో తిరిగొచ్చాడు. ఏ తుక్కు కొట్టులోనో కొన్న అబద్ధానికి నా తమ్ముణ్ణి ఇచ్చేశావు బాపూ. దాని మీద వాడి పేరు చెక్కనివ్వను. శుభ శుక్రవారం నాడు సంఘం ముందు అంతా చెప్పేస్తాను.

రెబెకా


ఖానాపూర్,
మార్చి 15

అమ్మా రెబెకా,

ఉత్తరం అందింది. నువ్వు తప్పేమీ రాయలేదు. భైంసా తుక్కు కొట్టులో దాన్ని కొన్నప్పుడు నేను తాత పక్కనే ఉన్నాను, ఎనిమిదేళ్ల వాణ్ణి. తాత యుద్ధానికి పోయిన మాట నిజమే. అక్కడ వంటగిన్నెలు తోమాడు. ఆ సంగతి చెబితే చర్చిలో ముందు వరుస ఎవరిస్తారు?

నీకు తెలియనిది ఒకటుంది. చింటూ ఆ ఏడాదిని నీకంటే ముందే చూశాడు. వాడు ఇంటర్ ఫెయిలై ఇంట్లో ఉన్న రోజులవి. ఊడిన గుడ్డను మళ్లీ అంటిస్తూ, "బాపూ, గిది యాభై ఒకటిల తయారైంది. తాత కొన్నడా?" అని మెల్లగా, నాకు మాత్రమే వినబడేట్టు అడిగాడు. చెంప మీద కొట్టాను. "ఇంటర్ల ఫెయిలైనోనివి, తాతను అడిగెటంతోనివా? ముందుగాల ఫౌజుల చేరి రా, అప్పుడు మాట్లాడు" అన్నాను. మీ అమ్మ అడ్డం వచ్చినా ఆగలేదు. నెల తిరక్కుండా వాడు మిలిటరీ భర్తీకి పోయాడు.

వాడు కథ నమ్మి పోయాడని ఇన్నేళ్లూ అనుకున్నావు. వాడు నమ్మలేదమ్మా. నేనన్న మాటకు పోయాడు. శుక్రవారం తాత సంగతి చెప్పాక, ఇదీ చెప్పు. నీకు నోరు రాకపోతే ఈ ఉత్తరం నా చేతికివ్వు, నేనే నిలబడి చదువుతాను.

కింద 'నీ బాపు' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

బెంజమిన్