మిషను తొక్కిన కాలు

పులివెందుల, బుధవారం

అబ్బాకు సలాములు. ఫోన్ చేస్తే స్పీకర్ పెడతావు, అమ్మీ వింటుంది. అందుకే నీ అంగడికి కార్డు రాస్తున్నాను.

దోమల ఒంట్లో బతికే ఒక బ్యాక్టీరియా పైపొర ప్రోటీన్‌ను మా ల్యాబ్‌లో తయారు చేస్తున్నానని చెప్పాను కదా. బోదకాలు పురుగులోనూ ఆ జాతి బ్యాక్టీరియా ఉంటుంది. అందుకని ఆ జబ్బున్నవాళ్ల రక్తం పెడితే పరీక్షలో నీలం రంగు రావాలి, మంచి రక్తానికి రాకూడదు. మంచి రక్తమని ప్రతిసారీ నాదే పెట్టాను. ప్రతిసారీ నీలం వచ్చింది. ప్రోటీన్ చెడిందనుకుని మూడుసార్లు పారబోశాను. నిన్న నా పక్కన పనిచేసే సుమ తన రక్తం పెట్టింది. రంగు రాలేదు.

"తప్పు ప్రోటీన్‌లో లేదు మే, నీ రక్తంలో ఉండాది" అంది.

రేపు ఆసుపత్రిలో చూపించుకుంటాను. నా సంగతి ఇంట్లో చెప్పొద్దు. దోమతెర చిరుగులు కుట్టించు.

అమ్మీ కాలి వాపు కుట్టు మిషను తొక్కడం వల్లే అనుకున్నాం. మోటారు మిషను కొని రెండేళ్లయింది. వాపు తగ్గిందా అబ్బా? చూసి నిజం రాయి.

దువాలో నన్ను మరవకు.
షాహిదా