కాటుక డబ్బీ గూట్ల పెట్టిన

అత్తమ్మా, అద్దాలు పెట్టుకోని చదువు. పెద్దగనే రాసిన.

నువ్వు చేను కాడికెళ్లి వచ్చేసరికి మేం కర్నూలు బస్సుల ఉంటం. ఇయ్యాల బాబుకు మల్ల కండ్ల పరీక్ష. రొట్టెలు బట్టల చుట్టిపెట్టిన, పప్పు పొయ్యి మీదుంది. మా కోసం సూడకుండ తిను.

కాటుక డబ్బీ పై గూట్ల పెట్టిన. మేం వచ్చినంక వాని అరికాలికి చుక్క పెట్టు, కంట్ల మాత్రం వద్దు. మొన్న గిదే మాటంటే రెండు దినాలు నాతోని మాట్లాడకపోతివి. నాకెంత బాధైందో నీకు తెల్వదు.

కానీ ఒక్కటి మర్వను. నెలలు నిండక పుట్టిండు, కిలోంబావు గుడ లేకుండె, శానా దినాలు ఆక్సిజన్ మీదనే ఉండె. గసొంటి పిల్లలకు కంటి లోపలి నరాలు సక్కగ పెరగవంట, పైకేం కనవడదంట. "మూడు నెలలు నిండకముందే గడప దాటిస్తరా?" అని వాడకట్టంత అంటుంటే, వాణ్ణి కొంగుల దాసుకోని నాకంటె ముందు బస్సెక్కింది నువ్వే. జర ఆలస్యమైతే చూపు దక్కకపోతుండె అన్నడు డాక్టర్.

పోయిన తాప దవాఖానల డాక్టర్ వాని కన్ను తెరిచి పట్టుకుంటె, వానికంటె ఎక్కువ నువ్వే ఏడిస్తివి. అందుకే ఇయ్యాల నీకు చెప్పకుండ పోతున్న. కోపం చెయ్యకు. మమ్ముల బస్టాండుల దింపనీకి ఆయన బండి తీసి బయట హారన్ కొడుతుండు.

వసంత

పొద్దుగాల నువ్వు కొడవలి పట్టుకోని పోతుంటే, వాని కండ్లు నీ ఎంబడే దర్వాజ దాక పోయినయ్. నువ్వు ఎనక్కి సూడలే. నేను సూసిన.