బొడ్రాయిని ఎవరూ మోయలేదు

ఆదివారం, రాత్రి.

ఈ కోపంతో పడుకుంటే నిద్ర రాదు, అందుకే రాస్తున్నాను. మనవరాలు స్రవంతి మా ఇంటి నాలుగు తరాల మీద రాసిన నవల సాయంత్రం చదవడం ముగించాను. రేపు అచ్చుకు పంపుతుందట. బొగ్గు కోసం తెల్లదొరలు మా ముత్తాతను భూమి మీద నుంచి వెళ్లగొట్టిన భాగం బాగుంది. చివర్లో ఓపెన్‌కాస్ట్ గని కోసం మా ఊరు ఖాళీ చేసినప్పుడు మాత్రం, అందరం బొడ్రాయిని భుజాన మోస్తూ, పాడుకుంటూ ఈ కొత్త కాలనీకి వచ్చామట.

ఊరి నడుమ నాటిన ఆ రాయిని ఎవరూ తవ్వలేదు. దర్వాజలు, దూలాలు పీక్కుని వచ్చాం. రాయి గని తవ్విపోసిన మట్టిగుట్ట కిందనే ఉంది.

ఆ మాటే చెబితే, "గట్ల రాస్తె చదివెటోళ్ల మనసు ఇరుగుతది అవ్వా," అంది స్రవంతి.

"ఇరగనీ. మాది ఇరగలేదా?"

"నాయిన డ్యూటీ గా గనిలనే కద."

అదీ అసలు సంగతి. దొరలను తిట్టడానికి దానికి భయం లేదు, వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. ఇప్పటి గనివాళ్ల దగ్గరికి వచ్చేసరికి పాటలు పెట్టింది.

రేపు జరగాల్సినవి:

1. కొడుకు డ్యూటీకి పోకముందే నేను వాడితో మాట్లాడాలి.
2. స్రవంతి ఆ పేజీ తిరగరాయాలి.
3. రాయనంటే, ఆ ఊరేగింపులోంచి నన్ను తీసేయాలి. ఆ రోజు నేను మోసింది మా ఇంటి దర్వాజ.