ఫాదర్ టియర్నన్ చెప్పిన భూకంపం

1911 డిసెంబర్ 5

కిరసనాయిలు ఒక డబ్బా, లక్క ఒక పొట్లం, గుర్రానికి ఓట్స్ రెండు బస్తాలు.

పొద్దున కాగితం మార్చడానికి కాలేజీ నేలమాళిగలోకి దిగాను. భూమి అదురు పట్టే సీస్మోగ్రాఫ్ యంత్రం డ్రమ్ము మీద మసి పట్టించిన కాగితం చుడతాం. సూది దాని మీద రోజూ సన్నటి తెల్లగీత గీస్తుంది. ఇవాళ ఆ గీత సగం దూరం బాగానే నడిచి, చిన్నగా వణికి, ఆ తర్వాత పిల్లి రక్కినట్టు కాగితమంతా గీరేసింది.

ఫాదర్ టియర్నన్‌ని పిలిచాను. సగం గడ్డం గీసుకుని, మిగతా సగం సబ్బు నురుగుతోనే వచ్చారు. "ముట్టుకోకయ్యా గిల్‌క్రిస్ట్. ఊపిరి కూడా అటు వదలకు" అన్నారు.

మెరుపు ముందు కనబడుతుంది, ఉరుము తర్వాత వినబడుతుంది. మధ్యలో ఎంతసేపు పట్టిందో చూస్తే పిడుగు ఎంత దూరాన పడిందో తెలుస్తుంది. చిన్న వణుకుకీ పెద్ద వణుకుకీ మధ్య కూడా అంతే. ఇది నాకు నేర్పింది ఆయనే. కొలిచారు, లెక్క కట్టారు, మళ్లీ మొదటినుంచి కట్టారు. సిడ్నీకి ఈశాన్యంగా పదిహేడు వందల మైళ్లు. సాంటా క్రూజ్ దీవుల దగ్గర, సముద్రం అడుగున. ఒడ్డున ఉన్నవాళ్ల మీదికి అల వచ్చి ఉంటుందన్నారు.

మధ్యాహ్నానికల్లా పత్రికకి కబురు పంపారు. నురుగు అప్పటికి ఎండిపోయింది.

డిసెంబర్ 7

పత్రికలో వేశారు. నాలుగు లైన్లు. మా ఆవిడ జెస్సీకి చదివి వినిపించాను. ఆ కాగితానికి మసి పట్టించింది నేనే అని మాత్రం చెప్పలేదు. దానికి తెలుసు.

డిసెంబర్ 12

ఎక్కడినుంచీ కబురు లేదు. ఆ దీవులకి టెలిగ్రాఫ్ తీగే లేదు, ఓడ రావాలి. ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఇవాళ పత్రికలో ఒక ఇంజనీరు ఉత్తరం. పాదిరీగారి యంత్రం పట్టింది భూకంపాన్ని కాదట, కాలేజీ క్రికెట్ మైదానంలో తిరిగే రోలర్‌నట.

సాయంత్రం భోజనానికి బావమరిది ఆర్చీ వచ్చాడు. రేవులో సరుకు దింపుతాడు. మేము ప్రొటెస్టెంట్లం, అందులో ప్రెస్బిటేరియన్లం. పదకొండేళ్లుగా నేను కేథలిక్కుల కాలేజీలో స్టోరు చూస్తున్నానని వాడికి కడుపుమంట. "ఏం బావా, మీ రోము పోపు మనిషి మళ్లీ కలగన్నాడా? రోలర్ లాగే గుర్రానికి కాస్త దాణా తగ్గించండి. ప్రపంచం నిలకడగా ఉంటుంది" అన్నాడు. జెస్సీ కూడా నవ్వింది. నేను బంగాళాదుంపలు తిన్నాను.

డిసెంబర్ 14

ఫాదర్ ఆ ఇంజనీరుని రమ్మని పిలిచారు. రాలేదు. రాకపోయినా పని ఆపలేదు. రోలర్‌కి గుర్రాన్ని కట్టించి, వెనకనుంచి తోయడానికి పై తరగతి కుర్రాళ్లని పెట్టి, నేలమాళిగ గోడ పక్కనే అటూ ఇటూ తిప్పించారు. కుర్రాళ్లు ఆకాశం దద్దరిల్లేలా అరిచారు. కాలేజీకి పెద్ద, రెక్టర్ ఫాదర్ హెనెసీ కింద యంత్రం దగ్గర నిలబడి చూశారు. గీత దోమ వాలినట్టు కదిలింది, అంతే.

రెక్టర్‌కి అది చాలలేదు. కాలేజీ పేరు నవ్వులపాలవుతోందని ఆయన బాధ. "ఓడ వచ్చి చెప్పేదాకా పత్రికలతో ఒక్క మాట వద్దు. ఈస్టర్ లోపల ఏ కబురూ రాకపోతే పొరపాటు పడ్డానని మీ చేత్తోనే రాయాలి. యంత్రం పెట్టెలో పెట్టేద్దాం" అన్నారు.

"అలాగే ఫాదర్" అన్నారు ఫాదర్ టియర్నన్. అన్నాక కొత్త కాగితానికి మసి పట్టించమన్నారు.

ఆయన స్థానంలో నేనుంటే 'అలాగే' అనేవాణ్ణి కాదు.

డిసెంబర్ 25

ఓడ లేదు. పుడ్డింగ్ బాగుంది.

1912 జనవరి 8

కుర్రాళ్లు సెలవులకి వెళ్లిపోయారు. ఈ సాయంత్రం నుంచి ఫాదర్లకి ఏటా ఉండే మౌన ధ్యానం. ఎనిమిది రోజులు మాట లేదు, పత్రిక లేదు, ఉత్తరం లేదు. రెక్టర్ వంతు మాత్రం వచ్చే నెల. ఫాదర్ టియర్నన్ నేలమాళిగ తాళం నా చేతికిచ్చి, "మసి పలచగా పట్టించు" అన్నారు.

మధ్యలో ఓడ వస్తేనో అని అడిగాను.

"వస్తే రేవులోనే ఉంటుంది కదయ్యా" అన్నారు.

జనవరి 11

వచ్చింది.

ఆర్చీ గేటు బయట నిలబడి కేకలు. "బావా! నువ్వే బయటికి రా, నేను లోపలికి రాను" అని. రేవునుంచి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. సాంటా క్రూజ్ దీవులనుంచి ఎండుకొబ్బరి వేసుకుని ఒక స్కూనర్, చిన్న తెరచాప ఓడ, వచ్చిందట. ఫాదర్ చెప్పిన రోజే, ఆయన చెప్పిన వేళకే నేల ఊగిందట. సముద్రం వెనక్కి పోయి, లేచి వచ్చి, ఒడ్డునున్న ఊరిని ఊడ్చుకుపోయిందట.

"ఆ కెప్టెన్‌కి పోపెవరో కూడా తెలీదు, అబద్ధమాడాల్సిన పని లేదు. నాకు మింగుడుపడటం లేదు గానీ బావా, మీ ముసలాయన ఇక్కడ కూర్చునే చూశాడు" అన్నాడు.

వాడి చేయి పట్టుకుని ఊపేశాను. నాకలాంటి అలవాటు లేదు.

జనవరి 12

అన్ని పత్రికల్లోనూ అదే. మెల్‌బోర్న్ నుంచి, మనీలా నుంచి టెలిగ్రాములు. ఇంజనీరు చప్పుడు లేదు. ట్రామ్‌లో కండక్టరు నన్ను చూసి టోపీ ఎత్తాడు.

సిడ్నీ అంతటా తెలియనిది ఒక్క మనిషికే. ఆ మనిషి తోటలో జపమాల తిప్పుకుంటున్నారు.

రెక్టర్‌ని అడిగాను, ఒక్క ముక్క చెప్పి రానా అని. ఆయనా చెప్పాలని తహతహలాడుతున్నారు, మొహంలో తెలుస్తూనే ఉంది. గది చుట్టూ తిరిగారు. "వద్దులే గిల్‌క్రిస్ట్. ఇప్పుడు చెబితే మిగతా రోజులు ఆయన దేవుడితో కాదు, ఆ ఇంజనీరుతో మాట్లాడతారు. నేనైతే అంతే చేస్తాను" అన్నారు.

అందుకని ఫాదర్ టియర్నన్ వంతు గర్వం కూడా నేనే పడుతున్నాను. బరువుగానే ఉంది. బాగుంది.

జనవరి 14

ఫాదర్ టియర్నన్ తోటలో ఎదురయ్యారు. నా మొహం చూశారు. చూసి, తలదించుకుని వేరే దారి పట్టారు.

జనవరి 17

ధ్యానం ముగిసింది. ఏం చెప్పాలో ఇన్నాళ్లూ మనసులో దిద్దుకుంటూనే ఉన్నాను. తీరా ఆయన టీ కప్పు ఎత్తేసరికి అదంతా పోయి, "మీరు చెప్పిందే నిజం ఫాదర్! చెప్పిన రోజే, చెప్పిన చోటే! అల కూడా వచ్చింది!" అని అరిచాను. పత్రికల కట్ట ముందు పెట్టాను.

కప్పు కింద పెట్టారు. కట్ట విప్పలేదు.

"ఎంతమంది పోయారు?" అన్నారు.

తెలీదన్నాను. ఆర్చీ చెప్పలేదు, పత్రికలు రాయలేదు. నాకు అడగాలని తోచలేదు.

"కనుక్కో. పేర్లు కూడా" అన్నారు.

జనవరి 18

స్కూనర్ ఇంకా రేవులోనే ఉంది. ఆర్చీ దారంతా సణిగాడు, పోయినవాళ్ల పేర్లు ఆ మసి కాగితానికెందుకని. కెప్టెన్‌కి పేర్లు తెలీవు. వంటవాడు ఆ ఊరివాడే, లాయ్ అతని పేరు. వేళ్లు ముడుస్తూ చెప్పుకుపోయాడు. ఒక వేలి దగ్గర ఆగాడు. అది వాళ్ల పినతల్లి. ఆర్చీ టోపీ తీసేశాడు.

నేను రాసుకున్నవి చూసి ఫాదర్ తల అడ్డంగా ఊపారు. ఆ అక్షరాల్లో ఆ పేర్లు పలకవన్నారు. తనే రేవుకి వచ్చారు. తాళ్ల చుట్ట మీద లాయ్ పక్కన కూర్చుని, అతను ఒక పేరు చెబితే తనూ అన్నారు. లాయ్ కాదంటే మళ్లీ అన్నారు. సరేననేదాకా అన్నారు. కూలీలు పని ఆపి చూశారు. ఎవరూ నవ్వలేదు.

జనవరి 21, ఆదివారం

పూజలో ఫాదర్ పోయినవాళ్ల పేర్లు చదివారు. లాయ్ ముందు వరసలో కూర్చున్నాడు. నేనూ ఆర్చీ తలుపు బయట నిలబడి విన్నాం.

ఒక్క పేరు దగ్గర కూడా తడబడలేదు.