బొట్టు కింద తుప్పు

బుకిట్ పంజాంగ్, ఆదివారం

మామయ్యకు నమస్కారం. మేమంతా కులాసా. ఫోన్లో నీకు సరిగ్గా వినబడటం లేదు కాబట్టి ఈ కార్డు రాస్తున్నాను.

నువ్విచ్చిన తాతయ్య వేటకత్తికి తుప్పు పట్టింది. తోలు ఒర చెమ్మ పీలుస్తుందన్న నీ మాట మరవలేదు, ఒర విడిగానే పెట్టాను. దసరాకు ఆయుధపూజ చేసి దానికి పసుపు కుంకుమ పెట్టాను. "వైప్ ఇట్ లా, అమ్మా" అని మా ప్రణవ్ ఇక్కడి యాసలో అంటూనే ఉన్నాడు. "దేవుడి దగ్గర పెట్టిన బొట్టు తుడుస్తార్రా?" అని కసిరాను. ఇక్కడి గాలిలో ఎప్పుడూ తడే కదా, నిన్న చూస్తే బొట్టు ఉన్నంత మేరా తుప్పు.

ఆముదం రాసి రుద్దినా మచ్చ పోలేదు. ఇటుక పొడి వాడవచ్చా, పదును పాడవుతుందా?

రుద్దుతుంటే నల్లమలలో మన గుడారం గుర్తొచ్చింది. నువ్వు కత్తిని పాత పంచె ముక్కతో తుడిచి, ఆముదం చేతులు నా జడకు రాసేవాడివి. నేను ఏడ్చేదాన్ని. మొన్న పిల్లాడితో సముద్రం ఒడ్డున టెంటు వేశాం. ఈ దేశంలో అలాంటి కత్తి బయటికి తీసుకెళ్లకూడదు, మామిడిపండు కోయడానికి వంటింటి చాకే గతి. టెంటు మాత్రం నువ్వు చెప్పినట్టే బాగా ఆరబెట్టి మడిచాను.

అత్తయ్య మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మీరిద్దరూ చల్లగా ఉండాలి.

ఆ పంచె ముక్క ఇంకా ఉంటే కవర్లో పెట్టి పంపు. అత్తయ్యను మాత్రం ఉతకనివ్వకు.

నీ మేనకోడలు
నందిత