కట్నీ బండెక్కిన మేక

బిలాస్‌పూర్
జూలై 4

ప్రియమైన మంగాయమ్మ పిన్నిగారికి,

నమస్కారాలు. నా పేరు రాజశ్రీ. మీ అమ్మాయి ప్రసూన పాఠం చెప్పిన పిల్లలకు ఇప్పుడు నేను చెబుతున్నాను. మాదీ రైల్వే కుటుంబమే. తెలుగు మా నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించండి. మీరు ఫోన్ ఎత్తరని, రైలు డ్యూటీ మీద ఇక్కడికి వచ్చే మీ మరిది గోవిందరావుగారు చెబితే, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను.

ప్రసూనగారు తన మూడో తరగతి పిల్లల కోసం ఇంటర్నెట్‌లో ఒక బ్లాగు పెట్టారు. క్లాసు గోడ మీద అంటించే పత్రిక లాంటిదే, కాకపోతే ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఆమె ఏదో ఒకటి రాసేవారు, కింద పిల్లలు తమ మాట హిందీలో రాసేవారు. చిన్నపిల్లలు కదా, ప్రతి మాటా ఆమె చదివి మీట నొక్కితేనే అందరికీ కనబడుతుంది. ఆమె పోయాక ఆ మీట నొక్కేవాళ్ళు లేరు. దాన్ని తెరిచే దారి ఆమె ఫోన్‌లోనే ఉంది. నెలాఖరులోగా తెరవలేకపోతే పాతది మూసేసి కొత్తది పెట్టుకోమంటున్నారు స్కూల్లో. అప్పుడు పిల్లలు రాసిందంతా పోతుంది.

ఆ ఫోన్ కొన్నాళ్ళు ఇప్పించగలరా?

మీ
రాజశ్రీ


కోటా
బిలాస్‌పూర్ జిల్లా
జూలై 9

అమ్మా రాజశ్రీకి, మంగాయమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నేను చదివింది నాలుగో క్లాసు, అదీ తెలుగులో. హిందీ మాట్లాడతాను గానీ అక్షరాలు రావు. తప్పుల మాట నాకు చెప్పకు తల్లీ, నావి చూస్తున్నావుగా.

ఫోన్ ఇవ్వలేను. కోపం తెచ్చుకోకు. పిల్ల చీరలు పంచేశాం. క్వార్టర్ ఖాళీ చేసి నేను చెల్లి ఇంటికి వచ్చేశాను. ఈ ఫోనొక్కటే మిగిలింది. దిండు పక్కన పెట్టుకుంటాను, ఎవర్నీ ముట్టనివ్వను. మొన్న గోవిందరావు, "వదినా, ఓపాలి ఇలాగియ్యి, అదేటి మోగుతోందో సూత్తాను" అంటే, "నీ బండి సంగతి నువ్వు సూసుకో" అన్నాను. పాపం, నెలనెలా రీచార్జ్ చేయించేది అతనే.

అది అప్పుడప్పుడూ టింగుమంటుంది. ఆకలేసిందనుకుని వెంటనే చార్జింగ్‌లో పెడతాను. ప్రసూన బడి నుంచి వస్తూనే, "అమ్మా, ఫోనుకి తిండెట్టు, నాకూ ఎట్టు" అనేది. అదే అలవాటయిపోయింది.

కంచం ముందు కూర్చుంటే దానికి కథ కావాలి. మా నాన్న రైలు గార్డు. నా చిన్నతనంలో ఈ కోటాలోనే రంభ అని మాకో మేక ఉండేది. నాన్నతో పాటు గార్డు పెట్టె ఎక్కి బిలాస్‌పూర్ దాకా వెళ్ళి, తిరుగు బండిలో వచ్చి దిగేది. ఆ కథే అడిగేది. "దాని రంగేటమ్మా? టికెట్ బాబు ఊరుకునీవాడా? దానికి భయమెయ్యలేదా?" రోజుకో ప్రశ్న. "పంతులమ్మవి, నీకింకా మేక కథలేటే" అని నవ్వేదాన్ని.

డెంగీ జ్వరంతో ఆస్పత్రి మంచం మీద ఉండి కూడా అడిగింది. "రంభ కట్నీ బండెక్కీసింది కదా, తర్వాతేటయింది?" అని. ముందు జావ తాగు, తర్వాత చెబుతానన్నాను.

తాగలేదమ్మా.

అందుకే ఫోన్ మాట అడక్కు. పిల్లల్ని బాగా చూసుకో.

ఇట్లు
మంగాయమ్మ


బిలాస్‌పూర్
జూలై 12

ప్రియమైన పిన్నిగారికి,

ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. ఇక అడగను. కానీ ఒక మాట చెప్పకుండా ఉండలేను.

రంభ నలుపు. నుదుట తెల్ల మచ్చ. టికెట్ బాబు దాని చెవికి ఎర్ర దారం కట్టి, "ఇదే దీని పాస్" అన్నాడు. మొదటిసారి భయపడి మీ నాన్నగారి కాళ్ళ మధ్య దూరింది. ఇవేవీ మీ ఉత్తరంలో లేవు కదా. ప్రసూనగారి బ్లాగులో ఉన్నాయి. దాని పేరు 'నానీ కీ రేల్'. నానీ అంటే అమ్మమ్మ అని మీకు చెప్పక్కర్లేదు. ఆ నానీ మీరే.

మీరు అన్నం పెడుతూ చెప్పింది ఆమె హిందీలో రాసేవారు. రంగేమిటని అడిగింది దుర్గేశ్. భయమేయలేదా అని అడిగింది సుఖ్‌మతి, క్లాసులో నోరు విప్పని పిల్ల. మీ అమ్మాయి రోజుకొకటి మోసుకొచ్చినవి వాళ్ళ ప్రశ్నలే పిన్నిగారూ.

రంభ కట్నీ బండి ఎక్కడంతో బ్లాగు ఆగిపోయింది. పిల్లలు నాలుగో తరగతికి వచ్చినా, "నానీ ఏం చెప్పారు?" అని నన్ను అడుగుతూనే ఉన్నారు. ఆ ఫోన్ టింగుమనేది ఆకలేసి కాదనుకుంటాను. పిల్లలు రాసినప్పుడల్లా అలా మోగుతుంది.

ఆదివారం కోటా వస్తాను. ఫోన్ మీ చేతిలోనే ఉండనివ్వండి. తెరిస్తే చదివి వినిపిస్తాను. వద్దంటే టీ తాగి వెళ్ళిపోతాను.

మీ
రాజశ్రీ


కోటా
జూలై 20

అమ్మా రాజశ్రీకి, ఆశీస్సులు.

బండి అందిందా? నువ్వెళ్ళాక ఇల్లు సందడి సందడిగానే ఉండిపోయింది, ఇంకా ఎవరో ఉన్నట్టు.

ఫోన్ తాళం నాకు తీయడం వచ్చని ఆశ్చర్యపోయావు. ముగ్గు మెలిక లాంటిదే అది. తన చేతులకు పిండి ఉంటే ప్రసూన నా చేతే తీయించేది. తెరవడం వచ్చు, తెరిచి ఏం చూడాలో తెలీదు, అంతే. నువ్వు ఒక్కొక్కటీ చదువుతుంటే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రంభ ఇంజను నడుపుతోందని ఒకడు, కాదు దారిలో పేండ్రాలో దిగి పెళ్ళి చేసుకుందని ఇంకొకడు, దాని మీద వాళ్ళ కొట్లాట. అన్నీ నా వేలితోనే నొక్కాను. సుఖ్‌మతిది మాత్రం నొక్కలేకపోయాను. 'నానీ, మేడమ్ రారట. మీరైనా ఉన్నారా?'

జవాబు లేకుండా దాన్ని ఎలా బయటపెట్టను?

వెళ్తూ వెళ్తూ నువ్వూ అడిగావు, తర్వాత ఏమైందని. బండి వేళయిందని పంపేశాను. నువ్వు గడప దాటగానే మా చెల్లి, "సిన్నపిల్లలు, మేక వొచ్చీసిందని రాసీయే, ఏటి పోతాది" అంది. రెండు రోజులు ఆలోచించాను. మేడమ్ రాదని వాళ్ళకి తెలుసు. వాళ్ళ దగ్గర నేను మేకని గురించి అబద్ధమాడతానా?

హిందీలో నువ్వే రాయి.

ఆరోజు వాన. బిలాస్‌పూర్‌లో బండ్ల ప్లాట్‌ఫారాలు మారాయి. నాన్న బండి ఎప్పుడూ ఉండే చోట కట్నీ ఎక్స్‌ప్రెస్ ఉంది. రంభ అలవాటు కొద్దీ ఎక్కేసింది. ఆ బండి కోటాలో ఆగదు. నేనూ చెల్లీ ఇక్కడ కోటా ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. గార్డు పెట్టె తలుపు దగ్గర రంభ నిలబడి ఉంది. మమ్మల్ని చూసింది. బండి వెళ్ళిపోయింది. పేండ్రా రోడ్ స్టేషన్‌లో ఆ బండి గార్డు దించేశాడట. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. రంభ రాలేదు.

నాన్న మాత్రం పేండ్రా వైపు డ్యూటీ పడ్డప్పుడల్లా పిడికెడు శనగలు జేబులో వేసుకుని వెళ్ళేవాడు. కొన్నాళ్ళకు ఆయన బండి కూత వినగానే అక్కడి మేకలన్నీ పరిగెత్తుకొచ్చేవట. వాటిలో రంభ లేదు. అయినా ఒక్కదాన్నీ ఉత్తి నోటితో పంపేవాడు కాదు.

అంతే కథ. ప్రసూనకు చెప్పాల్సింది.

ఇప్పుడు జవాబుంది గనక, మిగిలిన ఆ ఒక్కటీ, సుఖ్‌మతి రాసింది, ఇవాళ పొద్దున్నే నొక్కాను. కింద 'ఉన్నాను' అని నా పేరున రాసిపెట్టు.

ఫోన్ తెల్లారినప్పటి నుంచి టింగుటింగుమంటూనే ఉంది. గోవిందరావు డ్యూటీకెళ్తూ, "వదినా, పాపం ఆకలేసినట్టుంది" అని వేళాకోళం చేశాడు. చార్జింగ్ నిండా ఉంది. ఆదివారం రా తల్లీ, ఎవరికేం కావాలో చదివి చెబుదువుగాని.

ఇట్లు
పిల్లల నానీ
మంగాయమ్మ